ఫోర్ వీలు పడట్లేదా, లాగట్లేదా?

మొన్న మా పాత జీపు ఫోటో పెడితే, "బాబాయ్, మా బండికి కూడా ఫోర్ వీలు పడట్లేదు, నువ్వేం చేయించావు?" అని ముగ్గురు ఫోన్ చేశారు. ఫోన్లో చెప్తే తెమిలేది కాదు, అందుకే కాస్త పెద్దదే రాస్తున్నాను. తీరుబడిగా చదవండి.

ఆ జీపు మా నాన్నగారు చేపల చెరువు కౌలుకి తీసుకున్న రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మన దేశంలో మహీంద్రా వాళ్లు మొదట్లో విల్లీస్ జీపులు బిగించేవాళ్లు. మాది చాలా తర్వాత బండే అయినా, కింద ఏర్పాటు మాత్రం ఆ పాత పద్ధతే. పెద్ద గేరు రాడ్డు పక్కన రెండు చిన్న రాడ్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకి పవర్ కలిపేది, రెండోది స్లో గేరుది. చెరువు వదిలేశాక ఆ చిన్న రాడ్ల జోలికి ఆరేళ్లు వెళ్లలేదు నేను. గుడివాడ వెళ్లి ఎరువు కట్టలు తెచ్చుకోడానికి వాటితో పనేముంది?

పని 2023 డిసెంబరులో పడింది. మిచౌంగ్ తుపాను 5వ తారీకున బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, దానికి ముందు రోజు సంగతి. మిషను కోత అయిపోయి ధాన్యం కల్లంలో రాశి పోసి ఉంది. తారు రోడ్డు నుంచి లోపలికి కిలోమీటరు పైనే మట్టి డొంక. అద్దెకి తెచ్చిన బరకాలన్నీ జీపులో వేసుకుని బయల్దేరాను. సగం దూరం వెళ్లాక తూము దగ్గర పల్లంలో వెనక చక్రాలు దిగబడ్డాయి. మన నల్లమట్టి సంగతి మీకు చెప్పాలా? ముందు హబ్బులు లాకులోకి తిప్పి, రాడ్డు లాగాను. టక్కుమని పడింది కూడా. యాక్సిలేటర్ తొక్కితే వెనక చక్రాలే తిరిగి ఇంకా లోతుకి దిగాయి. ముందు చక్రాలు దేవుడి విగ్రహాల్లా కదల్లేదు.

నేనూ, మా ఆవిడా, మా బావమరిదీ బరకాలు నెత్తిన పెట్టుకుని వానలో మోశాం. మేం వెళ్లేసరికి రాశికి ఒక పక్కంతా తడిసిపోయింది. ఆ పక్క ధాన్యం మొలకొచ్చి, ఏ రేటుకి అమ్మానో ఇక్కడ రాయను. జీపుని మూడో రోజున ట్రాక్టరుతో లాగించాను.

తర్వాత నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఒక షెడ్డుకి తీసుకెళ్లి "ఫోర్ వీలు పడట్లేదు" అన్నాను. పడట్లేదు అంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు, రాడ్ల కింద ఉండే పెట్టె, అదే ట్రాన్స్‌ఫర్ కేసు, దింపి విప్పారు. ఎనిమిది రోజులు, పదకొండు వేలు. తెచ్చి చేలో పెడితే మళ్లీ అదే కథ. నిజానికి నా బండికి రాడ్డు పడుతోంది. చక్రం లాగట్లేదు, అంతే. ఆ ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే పదకొండు వేలు మిగిలేవి.

చివరికి చూసింది పామర్రు వైపు ఉన్న ఒక పెద్దాయన. ఆయన పానా ముట్టుకోలేదు. "చదునుగా ఉన్న చోట ఆపి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టండి. ఇంజను ఆపేసి, గేరు న్యూట్రల్ చెయ్యండి" అన్నాడు. హబ్బులు రెండూ ఫ్రీలో పెట్టించి, కిందకి దూరి ముందు ప్రొపెల్లర్ షాఫ్టు చేత్తో తిప్పాడు. తేలిగ్గా తిరిగింది. "ఇప్పుడు రాడ్డు ఫోర్ వీల్లో వెయ్యండి" అన్నాడు. వేస్తే షాఫ్టు బిగుసుకుపోయింది. "పెట్టె బాగానే ఉందండి. పెట్టెలో తేడా ఉంటే ఇప్పుడు కూడా తిరిగేది" అన్నాడు.

మళ్లీ రాడ్డు టూ వీల్లోకి తెచ్చి, హబ్బులు రెండూ లాక్ చేయించాడు. ముందు చక్రాలు రెండూ నేల మీదే ఉన్నాయి కాబట్టి ఈసారి షాఫ్టు తిరక్కూడదు. తిరిగింది! ఎక్కడో ఒక పక్క హబ్బు పట్టుకోవట్లేదన్నమాట.

ఒక పక్క పట్టకపోతే రెండో చక్రం ఎందుకు లాగదు అని అడిగాను. "మీ ట్రాక్టరు ఒక చక్రం బురదలో గిరగిరా తిరుగుతుంటే రెండోది నిలబడే ఉంటది కదా" అన్నాడు. అంతే మరి. డిఫరెన్షియల్ సులువుగా తిరిగే వైపుకే తిప్పుద్ది. ట్రాక్టరుకైతే డిఫరెన్షియల్ లాకు తొక్కుతాం, మా జీపుకి అది లేదు.

ఏ పక్కదో తేల్చడానికి ముందు భాగం జాకీతో లేపి, ఇరుసు కింద రెండు పక్కలా గట్టి దిమ్మలు పెట్టాడు. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరొద్దు, దయచేసి. కుడి చక్రం నన్ను పట్టుకోమని షాఫ్టు తిప్పాడు. ఎడమ చక్రం తిరగాలి, తిరగలేదు. విప్పి చూస్తే లోపల గ్రీజు తారులా గట్టిపడి, దాంట్లో తుప్పు. పైన మూత లాక్ దాకా తిరుగుతోంది గానీ లోపలి రింగు జరిగి పళ్లలో కూర్చోవట్లేదు. చెరువు నీళ్లలో నానిన బండి, ఎందుకు పట్టదు తుప్పు? డీజిల్లో కడిగి, విజయవాడ ఆటోనగర్ నుంచి స్ప్రింగు తెప్పించి వేశాడు. గ్రీజు కూడా పలచగానే రాశాడు. ఎక్కువైతే అదే రింగుని జరగనివ్వదట. మొత్తం పన్నెండు వందలు.

హబ్బు మూతలు లేని బళ్లు కూడా ఉన్నాయి, వాటికి ఇరుసు ఎప్పుడూ చక్రానికి కలిసే ఉంటది. అలాంటి బండికి షాఫ్టు తిరుగుతూ చక్రం లాగకపోతే లోపల ఇరుసో, పినియనో చూడాలి. అది మీవల్లా నావల్లా అయ్యే పని కాదు.

ఇక రాడ్డే పడకపోతే అది వేరే జబ్బు. ముందు కింద లింకులు తుప్పు పట్టాయేమో చూసి ఆయిల్ వెయ్యండి. బండిని నిదానంగా ఒక అడుగు ముందుకీ వెనక్కీ కదుపుతూ వేస్తే పళ్లు కలిసి పడొచ్చు. పడ్డది మళ్లీ రాకపోతే, తారు రోడ్డు మీదో సిమెంటు రోడ్డు మీదో ఫోర్ వీల్లో నడిపి ఉంటారు. మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం నడవవు, మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, గట్టి రోడ్డు మీద ఆ బిగువంతా పళ్ల మీద పడుద్ది. కాస్త రివర్స్ చేస్తే వదులుతుంది. ముందు రెండే కొత్త టైర్లు వేసి, వెనక అరిగినవి ఉంచినా ఇదే గొడవ. ఫోర్ వీల్ ట్రాక్టర్లున్న వాళ్లు కూడా రోడ్డెక్కేటప్పుడు తీసెయ్యడం మర్చిపోకండి.

ఇప్పుడు నెలకోసారి డొంకలోకి తీసుకెళ్లి, హబ్బులు లాక్ చేసి, రాడ్డు వేసి కొంత దూరం నడుపుతున్నాను. మా ఆవిడ నవ్వుద్ది. "బండిని షికారుకి తిప్పుతున్నావు, ఈసారి బరకాలు ముందు రోజే కల్లంలో పడెయ్యి" అంటది. అదీ నిజమే.