ఒక్క రాత్రిలో పాసైన సబ్జెక్ట్

ఇంటర్ బైపీసీ అయ్యాక మా చెల్లి బీఎస్సీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంటానంది. నాన్నేమో బీఫార్మసీ చేయమన్నారు. హైదరాబాద్ నుంచి ఫోన్‌లో నేనూ నాన్న వైపే మాట్లాడా.

"అదీ ఒక డిగ్రీయేనా? బీటెక్‌లో ఆ పేపర్ ఒక్క రాత్రి చదివి పాసయ్యా."

"అందుకే నీకు ఒక్క ముక్కా గుర్తులేదన్నయ్యా" అంది.

నిజమే. 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లే ఆ పేపర్ మన కాలేజీల్లోకి వచ్చిందని కూడా తనే చెప్పింది. నాకు తెలిసింది యూనిట్‌కి రెండు ఇంపార్టెంట్ ప్రశ్నలే.

పట్టుబట్టి చేరింది. ఎప్పుడు ఫోన్ చేసినా "ఇవాళ ఎన్ని మొక్కలు నాటారు?" అని ఏడిపించేవాణ్ని.

పోయిన వానాకాలం ఇంటికెళ్లా. కైకలూరు దగ్గర మాకు నాలుగెకరాల చేపల చెరువుంది. దాని మీద అప్పు కూడా ఉంది. మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. రాత్రి రెండింటికి చెల్లి నన్ను లేపింది. చేతిలో టార్చి, ఓ గాజు సీసా.

సీసా నిండా చెరువు నీళ్లు పట్టి, అందులో రెండు రసాయనాలు వేసింది. ఆక్సిజన్ బాగుంటే అడుగున ముదురు గోధుమ రంగు మడ్డి దిగుతుందట. అసలు లేకపోతే తెల్లగా ఉంటుందట. మా సీసాలో బాగా పాలిపోయిన రంగు కనిపించింది.

"నీళ్లు మరీ పచ్చగా ఉన్నాయి నాన్నా. ఆ నాచు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే పీల్చుకుంటుంది. మూడు రోజులుగా ఎండే లేదు. తెల్లవారుజాముకి ఇంకా పడిపోతుంది."

మబ్బు పడితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయని నాన్నకు ముప్పై ఏళ్లుగా తెలుసు. కానీ ఆ రాత్రి అవి పైకి రాకముందే ఏరియేటర్లు వేశారు, మోటారుతో కొత్త నీళ్లు పెట్టారు. పొద్దున మేత ఆపేశారు. కోళ్ల ఎరువు కూడా వద్దంది చెల్లి. కొన్ని బొచ్చెలు తేలాయి. మిగతావి బతికాయి.

గట్టు మీద నేను చేసిందల్లా టార్చి పట్టుకోవడమే.

ఈ డిగ్రీ గురించి అబద్ధం చెప్పను. బీఎస్సీ అవ్వగానే మా బ్యాచ్‌లోలా క్యాంపస్ ఆఫర్లు క్యూ కట్టవు. మంచి ఉద్యోగం కావాలంటే చాలామంది ఎమ్మెస్సీ దాకా వెళ్లాల్సిందే. చెల్లి ఇప్పుడు ఆ ఎంట్రన్స్‌కే చదువుతోంది. ఫీజు నేను కడతానన్నా. కెమిస్ట్రీ, లెక్కలు, ఎండలో తిరగడం ఇష్టం లేనివాళ్లు ఇటు రాకపోవడమే మంచిదని కూడా తనే అంటుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ కోర్స్ పేరెత్తితే ప్యాకేజీ ఎంత అని అడగండి, తప్పులేదు. కానీ ఏం నేర్పుతారో కూడా అడగండి. నేను అడగడానికి రెండేళ్లు పట్టింది.

నాన్న మాత్రం ఇప్పుడు మబ్బు పడితే చెరువు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. నాకు కాదు, చెల్లికి.