జావా అడుగు, బాలి చూపు

ఇవాళ జావా, బాలి ద్వీపాల నాట్యాల ముచ్చట చెప్పుకుందాం, రండి. ఈ రెంటి మధ్య సముద్రం బాగా ఇరుకైన చోట రెండున్నర కిలోమీటర్లకు మించదు. నాట్యాల మధ్య దూరం మాత్రం చాలా ఎక్కువండీ. జావా రాజాస్థానాల నర్తకి కళ్లు నేలను చూస్తుంటాయి. నడుముకు కట్టిన సంపూర్ చెంగును వేలికొసతో అలవోకగా విసిరి, నిదానంగా అడుగు వేస్తుంది. బాలి నర్తకి అలా కాదు. భుజాలెత్తి, మోకాళ్లు వంచి, ఒళ్లంతా బిగించి నిలబడుతుంది. గమెలాన్ వాద్యాలు ఠక్కున ఆగాయా, కనుగుడ్లు మెరుపులా పక్కకి తిరుగుతాయి. ఆ చూపును సెలెడెట్ అంటారు.

మరి వీటిని కలపడమెలా? జావా చేతులకు బాలి కళ్లు అతికిస్తారా? ఆ పద్ధతి నాకస్సలు నచ్చదు. ఇక్కడి నిదానమూ పోతుంది, అక్కడి బిగువూ పోతుంది.

నాకు నచ్చే దారి వేరే ఉంది. 1961లో జావాలోని ప్రంబనన్ గుడి ఎదుట రామాయణ నృత్యనాటకం మొదలైంది. అందులో సంభాషణలుండవు, కథంతా ఆటలోనే. మరుసటి ఏడాదే బాలిలో వయన్ బెరాత అదే తరహాలో జయప్రాన అనే కథను కట్టారు. జావా నుంచి తీసుకున్నది చట్రం ఒక్కటే. కదలికలు, సంగీతం బాలివే. తర్వాతి రోజుల్లో తోలుబొమ్మలాడించే దలంగ్‌ను కూడా పిలిచి కథ చెప్పించారు. అప్పు తెచ్చుకున్నదాన్ని ఇంత సొంతం చేసుకోవడం చూస్తే నాకెంత ముచ్చటేస్తుందో!

ఆ ప్రంబనన్ వేదిక మీద హనుమంతుడిగా ఆడిన జావాలోని సోలో నగరపు కుర్రవాడు సర్దోనో కుసుమో. పెద్దయ్యాక, 1970ల మొదట్లో, బాలిలోని తెగెస్ గ్రామానికి వెళ్లి ఊరివాళ్ల మధ్యే పనిచేశారు. మగవాళ్లు గుంపుగా కూర్చుని 'చక్ చక్' అంటూ ఆడే ఆటలోకి పిల్లలను కూడా తీసుకొచ్చారు. బాలి అధికారులు అభ్యంతరం చెప్పినా ఆయన ఆగలేదు. 1974లో దిరా మంత్రగత్తె కథను రెండు ద్వీపాల కళాకారులతో ఆడించారు.

ఎంచుకున్న కథ చూశారా? ఆ మంత్రగత్తె చలొనరంగ్ అనే విధవరాలు. ఆమె 11వ శతాబ్దంలో జావానేలిన ఐర్లంగ్గ రాజు కాలపు మనిషంటారు. ఆమె పేరిట నాటకాలు ఎక్కువగా నిలిచింది మాత్రం బాలిలో. ఇక ఐర్లంగ్గ తండ్రి బాలి రాజు ఉదయనుడు, తల్లి జావా రాజకుమారి. కలిపి ఆడడానికి సర్దోనోకి ఇంతకంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!