సెల్ఫ్ టేప్, మా మట్టి గోడ, మన యాస



యాక్టింగ్ అంటే ఇష్టం ఉండి కూడా "మనకెందుకులే" అనుకుని ఊరుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను కోయ పిల్లని. మాది చర్ల వైపు ఊరు. భద్రాచలంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

ఇదివరకు ఆడిషన్ అంటే హైదరాబాద్ పోవాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. మా నాయిన కూలి డబ్బులు బస్సు చార్జీలకే సరిపోవు. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి సెల్ఫ్ టేపులు బాగా పెరిగాయి. డైలాగ్ ఫోన్‌కే వస్తుంది. మనమే వీడియో తీసి పంపాలి. మనలాంటోళ్లకి ఇది నిజంగా మంచి దారి.

హాస్టల్ గదిలో ఎనిమిది మందిమి. ట్రంకు పెట్టెలు, ఆరేసిన బట్టలు, ఫ్యాన్ చప్పుడు. అందుకే సెలవుల్లో ఇంటికి పోయినప్పుడే తీస్తా. అలికిన మా మట్టి గోడ అంతా ఒకే రంగులో ఉంటుంది, దానికి మించిన బ్యాక్‌గ్రౌండ్ లేదు. వెలుతురు ఎదురుగా రావాలి, వెనక నుంచి వస్తే ముఖం చీకటి పడుతుంది. ట్రైపాడ్ లేకపోయినా పర్లేదు. స్టూలు మీద బియ్యం డబ్బా పెట్టి, ఫోన్‌ని కళ్ల ఎత్తులో అడ్డంగా నిలబెడతా. ముందు కెమెరాలోకి చూసి పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పాలి. భాషల్లో కోయ అని తప్పకుండా చెప్తా. సీన్ చేసేటప్పుడు మాత్రం కెమెరాలోకి కాకుండా, దాని పక్కన నిలబడి ఎదుటి డైలాగ్ చదివే మనిషిని చూడాలి.

ఆ మనిషి మా తమ్ముడు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. ఎస్సై డైలాగ్‌ని కూడా పాఠం అప్పజెప్పినట్టు చదువుతాడు. అమ్మకి చదువు రాదు. తల్లి పాత్ర మాటలు నేను కోయలో చెప్తే, ఆమె కోయలోనే అంటుంది. నేను తెలుగులో జవాబు చెప్తా. అట్లా చేసినప్పుడు నాకు ఏడుపు దానంతటదే వచ్చింది.

పోయిన ఎండాకాలం ఒక గిరిజన యువతి పాత్రకి పంపాను. రెండు రోజుల షూటింగ్. వచ్చే డబ్బులతో నా సెమిస్టర్ ఫీజు కట్టేసుకోవచ్చు. "బాగా చేశావు, కానీ ట్రైబల్‌లా లేవు. ముఖం కొంచెం నల్లగా చేసుకుని, ఆ యాసలో మళ్లీ పంపు" అని జవాబు వచ్చింది. ఆ యాస అంటే ఏందో సినిమాలు చూసే మనందరికీ తెలుసు. మాటకి ముందొక దొరా, వెనకొక దొరా. అమ్మకి చేసి చూపిస్తే, "మనూళ్లో ఎవరు మాట్లాడతారే అట్లా?" అని నవ్వింది.

మళ్లీ పంపాను. రంగు పూసుకోలేదు. సంతలో అమ్మ బేరం ఆడేటప్పుడు ఏ తెలుగు మాట్లాడుతుందో ఆ తెలుగులోనే చెప్పాను. మళ్లీ జవాబు రాలేదు. ఫీజుకి నాయిన అప్పు తెచ్చాడు. ఆ బాధ నాకుంది.

2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో భీం పాత్ర ఎన్టీఆర్ వేశారు. 2021 నాటి జై భీమ్‌లో ఇరుల మహిళగా కేరళ నటి లిజోమోల్ జోస్ చేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నటన అంటేనే వేరే మనిషిగా మారడం. అయితే ఆ హక్కు మనకీ ఉండాలి కదా? మనం నర్సుగా, లాయరుగా, బ్యాంకు ఉద్యోగిగా ఎందుకు చేయకూడదు? మన పాత్రే వచ్చినప్పుడు, మనం ఎట్లా మాట్లాడతామో మనల్నే ఎందుకు అడగరు? అందుకే ఇప్పుడు "ట్రైబల్" అని రాయని పాత్రలకి కూడా పంపుతున్నా. ఒకదాంట్లో రెండో రౌండు దాకా పోయాను.

కొన్ని జాగ్రత్తలు. ఆడిషన్‌కి డబ్బులు అడిగితే అక్కడే ఆపేయండి. చెల్లెళ్లూ, సీన్‌కి సంబంధం లేని ఫొటోలు, వీడియోలు ఎవరడిగినా పంపొద్దు. వాట్సాప్‌లో వీడియోని డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే క్వాలిటీ పడిపోతుంది. ఫైల్ పెద్దది, మా ఊళ్లో అయితే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిందే.

ఎదుటి డైలాగ్ చదవడానికి మనిషి లేక ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్‌లో నేను చదువుతా. కోయలో కావాలన్నా సరే.