బ్రతికి ఉన్నట్లు ఋజువు

నవంబరు వచ్చిందంటే, మా అమ్మ బ్రతికే ఉన్నదని ఋజువు చేయవలసిన బాధ్యత నా మీద పడుతుంది. కుటుంబ పింఛను ఆగకుండా ఉండాలంటే ఏటా జీవన ధ్రువపత్రం సమర్పించాలి మరి! 2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' వచ్చిన తరువాత బ్యాంకులో వరుసలో నిలబడే అవస్థ తప్పింది. వేలిముద్ర వేస్తే చాలునన్నారు. సంతోషించాము.

మొన్న తీరా వెళ్తే, యంత్రం అమ్మ వేలిని గుర్తించలేదు. బొటనవేలు, చూపుడువేలు, కుడిచేయి, ఎడమచేయి... పది వేళ్ళూ అయినాయి. "తడిగుడ్డతో తుడవండి", "కాస్త గట్టిగా నొక్కండి" అంటూ అక్కడి కుర్రవాడు ఓపికగానే ప్రయత్నించాడు. అతని తప్పేమీ లేదు. అరవై ఏళ్ళు అంట్లు తోమి, చింతపండు పిసికి, రుబ్బురోలు త్రిప్పిన వేళ్ళవి. గీతలు అరిగిపోయినాయి. మమ్మల్ని పెంచిన పనే ఆమె ఆనవాళ్ళను చెరిపివేసింది.

"నేను లేనంటోందేమిట్రా ఈ పెట్టె?" అని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ముఖం చూచి గుర్తించే పద్ధతి 2021లోనే వచ్చిందని తెలిసి, ఇంటికి వచ్చి ఫోనులో ప్రయత్నించాను. "ఒకసారి కన్నార్పమంటోందమ్మా" అన్నాను. ఆర్పింది. పని పూర్తయింది.

ఆధునిక యంత్రాలను తిట్టుకుంటూ ఈ నాలుగు మాటలు వ్రాద్దామని కూర్చున్నాను. కాని ఒక ప్రశ్న కలం ఆపుతోంది. ఆ యంత్రం ఏడాదికొకసారైనా అమ్మ వేళ్ళను పరీక్షగా చూస్తున్నది. నేను చూచినది మాత్రం మొన్ననే కదా!