పెద్దనాయన ఏడవలేదు

నంద్యాలలో ఎర్రగుంట్ల వైపు రైలెక్కితే బనగానపల్లె, కోవెలకుంట్ల దాటాక మా సంజామల వస్తుంది. 2016లో ఈ లైన్లో రైళ్లు మొదలయ్యేదాకా మాకు బస్సులే దిక్కు. దిగి చూస్తే కనుచూపు మేరా నల్లరేగడి. సంక్రాంతి రోజుల్లో అయితే దాని మీద పచ్చటి శనగ పైరు. ‘మీ ఊర్లో చూడ్డానికేముంది?’ అంటారు ఫ్రెండ్స్. నేనూ అలాగే అనుకున్నా. అందుకే ఓ తప్పు చేశా.

జనవరిలో మా పెద్దనాయనతో శనగచేలో వీడియో తీశా. పొద్దున్నే చేలో దిగితే ఆకు మీది మంచు చేతికి అంటుతుంది. నాలుకకు తగిలిస్తే పులుపు! ఆకుల మీది సన్నటి నూగులోంచి వచ్చే ఆమ్లమే దానికి కారణం. ఆ పులుపు గురించీ, కాయలో పురుగుని కనిపెట్టడం గురించీ పెద్దనాయన ఎంత బాగా చెప్పాడో!

కానీ థంబ్‌నెయిల్ ఏం పెట్టాలి? శనగచేను చూసి ఎవరు నొక్కుతారు? వెతికితే ఆయన ఎండకు కళ్లు చికిలించిన ఫ్రేమ్ దొరికింది. కళ్ల కింద రెండు కన్నీటి చుక్కలు, పక్కన ఎర్ర బాణం, పసుపు అక్షరాల్లో ‘ఇక బతకలేం!’ అని పెట్టేశా.

వ్యూస్ బాగానే వచ్చాయి. రాత్రికి హైదరాబాద్ నుంచి అక్క ఫోన్. “నాయనకేమైందిరా? ఫోనెత్తడం లేదు!” అని ఒకటే ఏడుపు. ఎవరో వాట్సాప్‌లో పంపారట. వీడియో చూడలేదు, బొమ్మ మాత్రమే చూసింది. పెద్దనాయనేమో ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి, వీధి అరుగు మీద కబుర్లలో ఉన్నాడు.

బొమ్మ చూపిస్తే చాలాసేపు చూశాడు. “నేనెప్పుడు ఏడ్సినాన్రా? ఏడ్సిన సంవత్సరాలు వేరే ఉండాయిలే. అప్పుడెవురూ ఫొటో తీయల్యా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మనసు బాగోక బండేసుకుని బెలూం గుహలకు పోయా. ఫోన్లో ఈ గుహల పేరు కొట్టి చూడండి, నిధులూ దెయ్యాలే ఎక్కువ. అసలు సంగతి ఇంకా బాగుంటుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1980ల మొదట్లో గెబౌర్ అనే జర్మన్ బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. పొడవు 3,229 మీటర్లు. పైనుంచి చూస్తే చదును నేలలో ఒక గుంత, అంతే. లోపలికి దిగితే పాతాళగంగ దాకా దారి. ఆ గుంత దగ్గర అబద్ధపు బోర్డేమీ లేదు. అయినా జనం దిగుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చి థంబ్‌నెయిల్ మార్చా. సైజు 1280 x 720 పిక్సెళ్లే అయినా ఫోన్లో కనిపించేది అగ్గిపెట్టె అంత. కాబట్టి ఒకే బొమ్మ, మూడు నాలుగు మాటలు చాలు. కుడివైపు కింద నిడివి అంకెలు పడతాయి, అక్కడేం రాయకూడదు. ఇంకో మాట. వీడియోలో లేనిది బొమ్మలో చూపించి మోసం చేస్తే ఇండియాలో చర్యలు గట్టిగా ఉంటాయని 2024 డిసెంబర్‌లోనే యూట్యూబ్ ప్రకటించింది. మూడు థంబ్‌నెయిళ్లు పెట్టి పరీక్షించుకునే సౌకర్యంలో కూడా గెలుపు క్లిక్కులతో తేలదు, ఎంతసేపు చూశారన్నదే లెక్క.

ఈసారి నల్లరేగడి ముందు పెద్దనాయన అరచెయ్యి, అందులో మంచుతో తడిసిన శనగ రెమ్మ. ‘ఈ ఆకు ఎందుకు పులుపు?’ అని రాశా. నలుపు మీద ఆ పచ్చదనం ఎర్ర బాణం కంటే బాగా కనబడింది.

వ్యూస్ తగ్గాయి, దాచేదేముంది! కానీ చూసినవాళ్లు చివరిదాకా చూశారు. పెద్దనాయన మాత్రం అరుగు మీద అందరికీ ఫోన్ చూపించి “ఈ చెయ్యి నాదేప్పా” అంటున్నాడు.