నాసిరకం కార్డు చెప్పని సంగతి

బేస్‌బాల్‌ను పాచికలతో బల్లమీద ఆడుకునే ఆటలు అమెరికాలో ఏనాటినుంచో ఉన్నాయి. 1951లో ఆప్‌బా, 1961లో స్ట్రాట్-ఓ-మాటిక్ వెలువడ్డాయి. నిజమైన క్రీడాకారుడు ఒక సీజన్‌లో సాధించిన గణాంకాలనుబట్టి అతని పేర ఒక కార్డు సిద్ధమవుతుంది. పాచికలు వేసి, పడిన సంఖ్యకు ఎదురుగా ఉన్న ఫలితాన్ని చూసుకోవడమే ఆట. వీటిని గురించి చదివినప్పుడు నన్ను ఆలోచింపజేసినవి మేటి ఆటగాళ్ళ కార్డులు కావు. ఎవరూ కోరుకోని నాసిరకం కార్డులు.

బాబ్ యూకర్ అనే క్యాచర్ 1962 నుంచి 1967 వరకు ఆడాడు. బ్యాటింగ్ సగటు .200 మాత్రమే. 1967లో తక్కువ ఆటలే ఆడినా, బంతులను చేజార్చుకోవడంలో నేషనల్ లీగ్‌లో అతడే మొదటివాడు. అంకెలు చూస్తే అసమర్థుడనే తోస్తుంది. కాని ఆ ఏడాది అతడు పట్టవలసి వచ్చినవి ఫిల్ నీక్రో వేసిన నకుల్ బంతులు. దాదాపు తిరగకుండా వచ్చే ఆ బంతి గాలిలో ఎటు వంగుతుందో వేసినవానికే తెలియదు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంమీద అత్యుత్తమ ఈ.ఆర్.ఏ. సాధించినవాడు నీక్రోయే. కార్డులో క్యాచర్ లోపం కనిపిస్తుంది. బంతి కాఠిన్యం కనిపించదు.

వైద్యంలోనూ ఇంతే. ఇతర ఆసుపత్రులు చేతులెత్తేసిన రోగులు చివరి గడియలో చేరేది పెద్దాసుపత్రికే. అక్కడ మరణాలు ఎక్కువగా ఉండడం సహజం. "అక్కడికి వెళితే బతకరటగా డాక్టరుగారూ?" అని వెనుకాడి, చికిత్సకు అనువైన కాలాన్ని జారవిడుచుకున్న కుటుంబాలను నా వృత్తిజీవితంలో ఎన్నోసార్లు చూశాను. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది రోగులే. న్యూయార్క్ రాష్ట్రం 1990ల ఆరంభంనుంచి బైపాస్ శస్త్రచికిత్సల మరణాల రేటును ప్రచురిస్తూ, రోగి వయస్సు, గుండె బలం, ఇతర వ్యాధులు లెక్కించి దానిని సవరించడం ఇందుకే. అంత జాగ్రత్త తీసుకున్నా, అంకె చెడుతుందనే భయంతో శస్త్రవైద్యులు కష్టమైన రోగులను నిరాకరిస్తారేమోనన్న చర్చ అక్కడ సాగింది.

కనుక ముందుగా నిర్ణయించుకోగల శస్త్రచికిత్స అయితే మూడు ప్రశ్నలు అడగండి: ఇటువంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? మావంటి స్థితిలో ఉన్నవారిలో ఫలితాలెలా ఉన్నాయి? చిక్కులు తలెత్తితే రాత్రివేళ చూసేదెవరు? గుండెపోటు, పక్షవాతం వచ్చినప్పుడు మాత్రం ఈ విచారణకు వ్యవధి లేదు. ఆ చికిత్స లభించే సమీప ఆసుపత్రికి వెంటనే చేర్చండి.