ఒకే రోజు, రెండు మాంగల్యాలు

ఆషాఢం శూన్యమాసం, భాద్రపదమూ అంతే. ఆ రెంటి నడుమ ఇరుక్కున్న శ్రావణమాసానికే పెళ్ళిళ్ళ భారమంతా మోయవలసి వస్తుంది. శుభలేఖలు ఒకదానిమీద ఒకటి వచ్చి పడతాయి. దేనికి వెళ్ళాలో, దేనికి ఫోనులో ఆశీస్సులు చెప్పి ఊరుకోవాలో తేల్చుకోవడం గృహస్థుకు పెద్ద వ్యవహారమే. 2025లో, విశ్వావసు నామ సంవత్సర శ్రావణంలో, ఒకే రోజున మా దంపతులకు మూడు పిలుపులు వచ్చాయి. ఉదయం రాజమహేంద్రవరంలో మనుమరాలి అన్నప్రాశనం. మధ్యాహ్నం పెద్దాపురంలో బావమరిది షష్టిపూర్తి. రాత్రి అన్నవరం కొండమీద నా చిరకాల మిత్రుని వివాహం. మిత్రుని కుమారుని వివాహం కాదు, కుమార్తె వివాహం కాదు. మిత్రుని వివాహమే.

ఆయన వయస్సు అరవైనాలుగు. లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించినవాడు. భార్య గతించి ఆరేళ్ళయింది. వధువు కూడా భర్తను పోగొట్టుకున్న మనిషి, అరవైకి చేరువైన వయస్సు, నర్సుగా పనిచేసినావిడ. శుభలేఖ అచ్చువేయించలేదు. ఆయనే స్వయంగా వచ్చి, కూర్చుని, కాఫీ చల్లారిపోయేదాకా మౌనంగా ఉండి, చివరకు చెప్పాడు. నేను సంతోషించాను. మా ఆవిడ మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె అభ్యంతరం లోకం మాట్లాడే మాట కాదు. ఆ గతించిన ఇల్లాలు మా ఆవిడను ముప్ఫై ఏళ్ళు “అక్కా” అని పిలిచింది. ఇద్దరూ కలిసి ఆవకాయలు పెట్టారు, కలిసి నోములు నోచారు. “ఏవండీ, మీరు వెళ్ళి రండి. దాని చోట ఇంకొకరు కూర్చుంటే నేను చూడలేను” అన్నది. నేను వాదించలేదు. దుఃఖంతో వాదమేమిటి?

అన్నప్రాశనం చక్కగా జరిగింది. మగపిల్లలకు సరిమాసాల్లోనూ, ఆడపిల్లలకు బేసిమాసాల్లోనూ చేయడం మన ఆచారం. మా మనుమరాలికి అయిదవ నెల. దేవుని ఎదుట పుస్తకమూ, కలమూ, బంగారమూ, పువ్వులూ పెడితే అన్నిటినీ వదలి పరమాన్నం గిన్నెలోనే చెయ్యి ముంచింది. “మీ వంశమే” అని మా ఆవిడ నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వుతోనే కారెక్కి పెద్దాపురం చేరాము.

బావమరిదిగారి ఆహ్వానపత్రికలో ‘షష్ఠిపూర్తి’ అని ఒత్తు తగిలించి అచ్చువేశారు. షష్ఠి అంటే ఆరవ తిథి; అరవై అయితే షష్టి. తెలుగు పండితుడి కళ్ళు విందుకు వెళ్ళినా ఊరుకోవు కదా! ప్రభవ మొదలుకొని అక్షయ వరకు సంవత్సరాలు అరవై. 1965లో విశ్వావసులో పుట్టినవాడికి 2025లో మళ్ళీ విశ్వావసు వచ్చింది. కాలచక్రం ఒక చుట్టు తిరిగి పుట్టిన పేరు దగ్గరకే వచ్చింది గనుక మనిషి మళ్ళీ పుట్టినట్టే, మళ్ళీ పెళ్ళికొడుకైనట్టే. హోమాలయ్యాయి. కలశోదకాలతో బంధువులందరూ దంపతులకు అభిషేకం చేశారు. తరువాత బాజాలు మోగుతుండగా మా బావమరిది తన భార్య మెడలో మంగళసూత్రం కట్టాడు. కొడుకులూ కోడళ్ళూ చప్పట్లు కొట్టారు. ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు.

పనసపొట్టు కూర, బొబ్బట్లతో భోజనాలు సాగుతుండగా, అన్నవరం పెళ్ళి సంగతి ఎలా తెలిసిందో, పంక్తిలో ఒక పెద్దావిడ తీసింది. “కృష్ణా రామా అనుకోవలసిన వయసులో ఈ పెళ్ళేమిటే అమ్మాయ్? చెప్పుకోవడానికైనా సిగ్గుండక్కర్లేదూ?”

మా ఆవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది. కొంచెం తడవుండి, “ఇందాక మా తమ్ముడు కట్టింది ఏమిటి పిన్నీ?” అన్నది.

“అది వేరు, ఇది వేరు.”

“వయసు సంగతే గదా నువ్వన్నది. వయసు ఒకటే” అన్నది. మరి మాట్లాడలేదు.

అది నన్ను సమర్థించడానికి అన్న మాట కాదు, తనకు తాను చెప్పుకున్న మాట. భోజనం ముగించి చేతులు కడుక్కోగానే, “ఏదైనా కొట్టు దగ్గర కారు ఆపించండి, పట్టుచీర కొనాలి” అన్నది. పట్టుకు పేరున్న ఊరు గదా పెద్దాపురం. అరగంటసేపు ఏరి ముదురాకుపచ్చ చీర తీసుకుంది. ఎవరికని నేను అడగలేదు.

దారిలో నాకు పాఠశాల గుర్తుకు వచ్చింది. వితంతు వివాహాలకు చట్టసమ్మతి 1856లోనే లభించింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగంగారు మా రాజమహేంద్రవరంలోనే తొలి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్ళూ, నీళ్ళు తెచ్చేవాళ్ళూ మానివేస్తే ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు తానే నీళ్ళు మోసి వంట చేశారు. ఈ సంగతి ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. నాడు ఆ పీటలమీద కూర్చున్నవారు పసితనం వీడని బాలవితంతువులు. వారి పట్ల లోకానికి ఎట్టకేలకు జాలి కలిగింది. వయస్సు మళ్ళిన స్త్రీ తోడు కోరితే ఆ జాలి ఎగతాళిగా మారుతుంది. సాయంకాలం దీపం వెలిగించి ఎవరికోసమూ ఎదురుచూడనవసరం లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ నవ్వేవారికి తెలియదు.

అన్నవరంలో పెళ్ళికి వచ్చినవారు నలభైమందికి మించరు. మిత్రుని కుమార్తె తండ్రి పక్కనే నిలబడి అన్నీ అందిస్తున్నది. కుమారుడు రాలేదు. వధువును పీటలమీదికి తీసుకువచ్చే వేళకు చిన్న తడబాటు. ఆమెకు కుంకుమ ఎవరు పెట్టాలి? ఉన్న నలుగురు స్త్రీలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆవిడ లేచి వెళ్ళింది. నుదుట కుంకుమ పెట్టి, చేతిలో పసుపుకుంకుమలతో ఆ ఆకుపచ్చ చీర ఉంచింది. ఆవిడ తడబడుతూ, “మిమ్మల్ని ఏమని పిలవాలండీ?” అన్నది.

“అక్కా అను” అన్నది మా ఆవిడ.

నా మిత్రుడు తల వంచుకున్నాడు. జీలకర్రా బెల్లమూ, మాంగల్యధారణా, తలంబ్రాలూ యథావిధిగా జరిగాయి. మధ్యాహ్నం పెద్దాపురంలో విన్న మంత్రాలే ఇక్కడా విన్నాను. శాస్త్రం రెంటికీ వేరువేరు మంత్రాలు రాయలేదు. మనమే చప్పట్లను ఒకచోట, గుసగుసలను ఒకచోట పంచిపెట్టుకున్నాము.

తిరుగు ప్రయాణంలో ఎర్రగోధుమనూక ప్రసాదం ఆకుదొన్నెలో ఒళ్ళో పెట్టుకుని ఆమె చాలాసేపు ఏడ్చింది. అది పోయిన చెల్లెలి కోసం. నేను ఓదార్చలేదు. ఒక మనిషిని తలచుకుని ఏడవడానికీ, మరొక మనిషికి బొట్టు పెట్టడానికీ విరోధం లేదని ఆ రాత్రి నాకు తెలిసింది.

మరునాడు ఉదయమే మా ఆవిడ మిత్రుని కుమారునికి ఫోను చేసింది. “మీ అమ్మ నాకు చెల్లెలు. ఆ చనువుతో చెబుతున్నాను, ఒకసారి వచ్చి మీ నాన్నను చూసి వెళ్ళు” అన్నది. అతడు వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.